ఫైలు చేరింది, అక్షరం చేరలేదు

రావికమతం అన్న ఊరిపేరు కంప్యూటరు లోపల ఇలా ఉంటుంది: 224 176 176, 224 176 190, 224 176 181, 224 176 191, 224 176 149, 224 176 174, 224 176 164, 224 176 130. మూడేసి సంఖ్యలు కలిస్తే ఒక గుర్తు. మొదటి మూడూ ‘ర’. తరవాత దీర్ఘం. ఆపైన వ, గుడి, క, మ, త, చివర సున్న. ఎనిమిది గుర్తులు, 24 సంఖ్యలు. ఒక్కో సంఖ్యను బైటు అంటారు. దాని విలువ 0 నుంచి 255 లోపే ఉంటుంది. ఉత్తరమైనా ఫొటో అయినా పాట అయినా పెళ్ళి వీడియో అయినా డిస్కు మీద ఉండేది ఇలాంటి బైట్ల వరసే.

చోడవరం నియోజకవర్గంలోని ఈ మండల కేంద్రంలో ఇప్పుడు ఎన్ని రకాల యంత్రాలు పక్కపక్కన పనిచేస్తున్నాయో చూడండి. డీటీపీ చేసే జెరాక్సు షాపులో విండోస్. అందరి చేతుల్లోని ఫోన్లలో ఎక్కువ భాగం ఆండ్రాయిడ్. 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు ప్రభుత్వం ఇచ్చిన ట్యాబులూ ఆండ్రాయిడే. ఆండ్రాయిడ్ లోపలి గుండె లినక్స్. అమెరికాలో ఉన్న కొడుకు పంపే ఫొటోలు ఐఫోన్‌లోనో మ్యాక్‌లోనో పుడతాయి. డిస్కునూ తెరనూ మీటలనూ నడిపే పెత్తనమంతా ఆపరేటింగ్ సిస్టమ్‌ది. ఒక్కోదాన్ని తయారుచేసినవాళ్ళు వేరు, కాలం వేరు, పద్ధతి వేరు. అయినా ఒకదాని ఫైలు ఇంకొకటి తెరవాలని మనం ఆశిస్తాం, తెరుచుకోకపోతే విసుక్కుంటాం.

తెరుచుకోవాలంటే మూడు చోట్ల మాట కుదరాలి. బైట్లు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో రెండు యంత్రాలూ ఒకేలా అనుకోవాలి. వాటిని పంపే పద్ధతి ఇద్దరికీ తెలిసుండాలి. చేరిన బైట్లకు ఇద్దరూ ఒకే అర్థం చెప్పుకోవాలి. మొదటి రెండూ ప్రపంచం మొత్తానికి ఉన్న తలనొప్పులే. మూడోది తెలుగువాళ్ళను ప్రత్యేకంగా ఏడిపించింది.

పెన్‌డ్రైవ్ మొదటి పేజీ

పెన్‌డ్రైవ్‌లో బైట్లు పోసినట్టు ఉండవు. ముందు ఒక పట్టిక ఉంటుంది. ఏ సర్వే నంబరు ఎవరి పేరున ఉందో, విస్తీర్ణమెంతో అడంగల్ చెప్పినట్టు, ఏ ముక్క ఏ ఫైలుదో, ఆ ఫైలు ఎంత పెద్దదో ఆ పట్టిక చెబుతుంది. పట్టిక రాసే పద్ధతినే ఫైల్ సిస్టమ్ అంటారు. విండోస్ తన డిస్కుకు ఎన్‌టీఎఫ్‌ఎస్ వాడుతుంది, ఇది 1993 నాటిది. లినక్స్ సాధారణంగా ఈఎక్స్‌టీ4 వాడుతుంది. మ్యాక్‌ది ఏపీఎఫ్‌ఎస్. మ్యాక్‌కు ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవు పెడితే చదువుతుంది కాని, తనంతట తాను అందులో రాయదు. విండోస్‌కు ఈఎక్స్‌టీ4 డ్రైవు పెడితే, ఇది ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యమంటారా అని అడుగుతుంది. తెలియక ‘సరే’ నొక్కినవాళ్ళ ఫొటోలు పోయాయి.

అందరికీ వచ్చిన పాత పద్ధతి ఒకటుంది, ఫ్యాట్. 1977లో మైక్రోసాఫ్ట్ ఫ్లాపీల కోసం రాసుకున్నది. దాని పెద్ద రూపం ఫ్యాట్32, 1996లో వచ్చింది. టీవీ, కారు స్టీరియో, కెమెరా, ప్రింటరు, అన్నీ దాన్ని చదువుతాయి. అయితే ఫైలు ఎంత పెద్దదో రాయడానికి ఆ పట్టికలో ఇచ్చిన చోటు 32 బిట్లే, అంటే నాలుగు బైట్లే. 32 బిట్లలో రాయగల విలువలు 429,49,67,296. అంటే నాలుగు గిగాబైట్లు. పెళ్ళి వీడియో అయిదు గిగాబైట్లయితే, 64 గిగాబైట్ల పెన్‌డ్రైవ్ మొత్తం ఖాళీగా ఉన్నా అది ఎక్కదు. ‘ఫైలు చాలా పెద్దది’ అని వస్తుంది. డ్రైవులో చోటుకు కరువు లేదు, పట్టికలోని గడి చాల్లేదు.

దీనికి మైక్రోసాఫ్ట్ 2006లో ఎక్స్‌ఫ్యాట్ తెచ్చింది. పెద్ద ఫైళ్ళు ఎక్కాయి. కాని దాని వివరాలు పేటెంట్ల కింద ఉండేవి కాబట్టి లినక్స్ చాలాకాలం దాన్ని తన కెర్నెల్‌లో చేర్చుకోలేకపోయింది. 2019 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ఆ వివరాలు బహిరంగం చేసింది. ఆ ఏడాది నవంబరులో వచ్చిన లినక్స్ 5.4లో ఎక్స్‌ఫ్యాట్ చేరింది. సాంకేతికంగా పెద్ద చిక్కేమీ తీరలేదు. దాచిన కాయితం బయట పెట్టారు, అంతే. ఈ అధ్యాయంలో ఇదే కథ ఇంకా రెండుసార్లు ఎదురవుతుంది.

ఫైలు పేర్ల దగ్గరా ఇలాంటి పేచీలే. సర్వే నంబరు 12/3 పేరుతో ఫైలు పెడదామంటే విండోస్, లినక్స్ ఒప్పుకోవు, ఆ గీత ఫోల్డర్లను విడదీసే గుర్తు. 12-3 అని పెట్టుకోవాలి. ‘10:30 సమావేశం’ అన్న పేరును లినక్స్ ఒప్పుకుంటుంది, విండోస్ ఒప్పుకోదు. ఇంగ్లిషులో పెద్ద బడి అక్షరంతో ఒకటి, చిన్న బడి అక్షరంతో ఒకటి ఒకే పేరు పెడితే లినక్స్‌కు అవి రెండు ఫైళ్ళు. విండోస్‌కు ఒకటే. ఆ ఫోల్డరును విండోస్‌కు కాపీ చేస్తే ఒకదాని మీద ఒకటి పడి ఒకటి మాయమవుతుంది.

ఫోనును వైరుతో కంప్యూటరుకు తగిలించినప్పుడు మాత్రం ఈ గొడవ రాదు. అక్కడ వేరే ఉపాయం వాడారు. విండోస్ ఫోను డిస్కును తాకదు. ఫలానా ఫొటో కావాలని ఫోనునే అడుగుతుంది, ఫోను తన పట్టిక తానే చూసుకుని బైట్లు అందిస్తుంది. ఈ పద్ధతిని ఎంటీపీ అంటారు. ఎదుటివాడి పట్టిక మనకు అర్థం కానప్పుడు అతన్నే అడగడం మేలన్న ఈ ఆలోచన మీదే నెట్‌వర్కులన్నీ నిలబడ్డాయి.

తీగ మీద కుదిరిన మాట

ఆ ఆలోచనకు మొదటి రాతపూర్వక రూపం ఇచ్చినవాడు మన దేశస్థుడే. అభయ్ భూషణ్ కాన్పూరు ఐఐటీ మొదటి బ్యాచి విద్యార్థి. అమెరికాలో ఎంఐటీలో ఉండగా 1971 ఏప్రిల్ 16న ఫైల్ ట్రాన్స్‌ఫర్ ప్రోటోకాల్, అంటే ఎఫ్‌టీపీ మొదటి ముసాయిదా రాశాడు. ఇంటర్నెట్టుకు ముందుతరమైన ఆర్పానెట్ మీద అప్పుడున్న యంత్రాలకు ఒకదానితో ఒకదానికి పోలిక లేదు. కొన్ని 36 బిట్ల పదాలతో లెక్కపెడితే కొన్ని 32 బిట్లతో లెక్కపెట్టేవి. ఎవరి డిస్కు ఎలా ఉన్నా ఇచ్చిపుచ్చుకునే మాటలు మాత్రం ఒకేలా ఉండాలన్నది ఆ ముసాయిదా సారం. దాన్ని ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా అమలు చెయ్యొచ్చు. ఫైళ్ళు పంపే పద్ధతులు తరవాత ఎన్నో వచ్చినా యాభై ఏళ్ళ పాటు ఎఫ్‌టీపీ బతికిందంటే కారణం అదే.

ఆఫీసుల్లో ఒక కంప్యూటరు ఫోల్డరును పక్క కంప్యూటరులో చూసుకునే పద్ధతికి దారి ఇంత సాఫీగా పడలేదు. విండోస్ ఇందుకు వాడేది ఎస్‌ఎంబీ. 1980ల్లో ఐబీఎంలో పుట్టి మైక్రోసాఫ్ట్ చేతిలో పెరిగింది. లినక్స్, యూనిక్స్ యంత్రాలకు ఆ భాష వచ్చేది కాదు. 1991 చివర్లో కాన్‌బెర్రాలో ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ పరిశోధక విద్యార్థి ఆండ్రూ ట్రిడ్జెల్ తీగ మీద పోయే బైట్లను పట్టి చూస్తూ, ఏ ప్రశ్నకు ఏ జవాబు వస్తోందో గమనిస్తూ, ఆ మాటలు తానే మాట్లాడే ప్రోగ్రాము రాశాడు. తరవాత దానికి పేరు కావలసి వచ్చినప్పుడు ఎస్, ఎం, బీ ఆ వరసలో ఉన్న మాటలు నిఘంటువులో కంప్యూటరుతోనే వెతికించాడు. దొరికింది ‘సాంబా’.

సాంబా ఉచితం, దాని మూలపాఠం బహిరంగం. కాని విండోస్ మారినప్పుడల్లా వెనక నుంచి ఊహిస్తూ పరిగెత్తాల్సి వచ్చేది. 2004లో యూరోపియన్ కమిషన్ మైక్రోసాఫ్ట్‌కు 49.7 కోట్ల యూరోల జరిమానా వేసి, పోటీ సర్వర్లు విండోస్‌తో మాట్లాడటానికి కావలసిన వివరాలు ఇవ్వాలంది. 2007 సెప్టెంబరులో కోర్టు ఆ తీర్పును నిలబెట్టింది. ఆ డిసెంబరులో సాంబా బృందం తరఫున ఒక సంస్థ 10,000 యూరోలు కట్టి ఆ వివరాలు తీసుకుంది. దాచిన కాయితం రెండోసారి బయటికొచ్చింది. ఇప్పుడు లినక్స్ సర్వరులోని ఫోల్డరు విండోస్ తెర మీద మామూలు ఫోల్డరులా కనిపిస్తోందంటే ఇంత కథ ఉంది.

డిగ్రీ గుర్తులూ తలకిందుల ప్రశ్నలూ

ఇక మూడో మెట్టు. బైట్లు ఒక్కటీ పోకుండా చేరాయి. వాటిని ఏమని చదవాలి?

రావికమతం రైతుల పేర్లు తెలుగులో రాసిన జాబితాను సీఎస్‌వీ ఫైలుగా దింపుకుని ఎక్సెల్‌లో నేరుగా తెరిచారనుకోండి. లినక్స్ సర్వరు దాన్ని యూటీఎఫ్-8 పద్ధతిలో రాసింది. అదేమిటో ఫైలులో ఎక్కడా చెప్పలేదు. చెప్పనప్పుడు ఎక్సెల్ పశ్చిమ యూరప్ భాషల పాత పట్టిక ప్రకారం చదువుతుంది. ఆ పట్టికలో మూడు బైట్లకు ఒక అక్షరం లేదు, ప్రతి బైటూ ఒక అక్షరమే. 224 అంటే నెత్తిన ఏటవాలు గీత ఉన్న ఇంగ్లిషు ఏ. 176 అంటే ఉష్ణోగ్రత పక్కన వేసే డిగ్రీ గుర్తు. రావికమతంలోని ఎనిమిది గుర్తులూ 224, 176తోనే మొదలవుతాయి కాబట్టి గీత ఏ, డిగ్రీ, గీత ఏ, డిగ్రీ అని ఎనిమిదిసార్లు వస్తుంది. వాటి మధ్య 190 ఉన్నచోట, అంటే దీర్ఘం స్థానంలో, ముప్పావు భిన్నం. గుడి స్థానంలో తలకిందుల ప్రశ్నార్థకం. ‘మ’ స్థానంలో రిజిస్టర్డ్ ట్రేడ్‌మార్కు వలయం. ఇలాంటి తెర చూసి ‘ఫైలు పాడైపోయింది’ అనుకుంటారు. పాడవలేదు. 24 బైట్లూ పదిలంగా ఉన్నాయి, చదివే పట్టిక తప్పు. ఎక్సెల్‌లో డేటా మెనూ నుంచి తెచ్చుకుంటూ యూటీఎఫ్-8 అని చెబితే ఊరిపేరు చక్కగా వస్తుంది.

యూటీఎఫ్-8ను 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ న్యూజెర్సీలో ఒక హోటల్లో భోజనాల బల్ల మీద పరిచే కాయితం మీద రూపొందించారు. ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు, తెలుగుకు మూడు. దానికి ఆధారం యూనికోడ్. ప్రపంచంలోని ప్రతి లిపిలో ప్రతి అక్షరానికీ ఒక స్థిరమైన సంఖ్య. 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే తెలుగుకు 3072 నుంచి 3199 దాకా 128 స్థానాలు కేటాయించారు. ఈ అమరిక మన దేశంలో అప్పటికే రూపొందిన ఇస్కీ సంకేతాలను బట్టి వేసింది. దేవనాగరి, కన్నడ, తెలుగు భాగాల్లో ‘క’ ఒకే వరస స్థానంలో ఉండటానికి కారణం అదే.

కాయితం మీద తెలుగుకు స్థానం 1991లోనే దొరికింది. బల్ల మీద కంప్యూటరుకు చేరేసరికి పదేళ్ళు పట్టింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చి, విండోస్‌లో తెలుగు మామూలుగా కనిపించడం మొదలైంది. అంతకుముందే పత్రికలూ ప్రెస్సులూ ఆగలేక ఇంకో దారి పట్టాయి. ఇంగ్లిషు అక్షరాల స్థానంలో తెలుగు బొమ్మలు పెట్టిన ఫాంట్లు తయారయ్యాయి. అను ఫాంట్లు, పేజ్‌మేకరు, ఈ జంటే ముప్పై ఏళ్ళుగా మన పెళ్ళి పత్రికలకూ కరపత్రాలకూ పుస్తకాలకూ ఆధారం. ఈ పద్ధతిలో ఫైలులో తెలుగు లేదు. ఉన్నది ఇంగ్లిషు అక్షరాలూ చుక్కలూ గీతలూ. ఆ ఫాంటు తొడిగితేనే తెలుగులా కనిపిస్తాయి. తలకట్టు ఒకచోట, ఒత్తు ఒకచోట, ముక్కలుగా ఉంటాయి. ఆ ఫాంటు లేని లినక్స్ యంత్రంలో తెరిస్తే పిచ్చిరాతలు. ఫాంటు ఉన్నా ‘రావికమతం’ అని వెతికితే దొరకదు, అకారాది క్రమంలో పేర్చమంటే పేర్చలేదు.

ఇంటర్నెట్టు వచ్చిన కొత్తలో తెలుగు పత్రికల వెబ్‌సైట్లకూ ఇదే గతి. ఒక్కో పత్రికకు ఒక్కో సొంత ఫాంటు. పాఠకుడికి దాన్ని అందించే ఏర్పాటు చాలావరకు విండోస్‌లోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరులోనే పనిచేసేది. లినక్స్ మీద, మ్యాక్ మీద ఉన్నవాడు వార్తలు చదవలేడు. ఆ సంకేతాలను చదివే వేళలోనే యూనికోడ్‌లోకి మార్చే పద్మ అనే పనిముట్టును ఫైర్‌ఫాక్స్ కోసం రాసింది వెన్న నాగార్జున. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను మొదలుపెట్టిందీ ఆయనే.

అంతకన్నా ముందే ప్రవాసాంధ్రులు ఇంకో ఉపాయం కనిపెట్టారు. 1990ల మొదట్లో అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో రాసే ఆర్‌టీఎస్ పద్ధతి స్థిరపరిచారు. ఇంగ్లిషు అక్షరాల సంకేతం ఆస్కీ. 1963 నాటి ఈ సంకేతాన్ని ఏ యంత్రమైనా, ఏ సిస్టమైనా ఒకేలా చదువుతుంది. అందుకని ఇంటర్నెట్టు చర్చావేదికల్లో తెలుగు ఆ వేషంలో నడిచింది. తరవాత వీవెన్ తయారుచేసిన లేఖిని అదే పద్ధతిలో కొట్టినదాన్ని యూనికోడ్ తెలుగుగా మార్చి ఇచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచార్యుల పోతన, వేమన ఫాంట్లు ఉచితంగా దొరికాయి. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తెచ్చింది. 2011లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యూనికోడ్ కన్సార్టియంలో సభ్యత్వం తీసుకుంది. గిడుగు, గురజాడ, సురవరం, మండలి, రామభద్ర వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా జనానికి అందాయి. తెలుగు ఒక కంపెనీ ఫాంటు నుంచి విడుదలై అందరి యంత్రాల్లోకీ రావడం వెనక ఇంతమంది చెయ్యి ఉంది.

ఒకే బైట్లు, మూడు రకాల రాత

యూనికోడ్‌తో అంతా తీరిందా? 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను కూలదోసిందని ప్రపంచమంతా వార్తలు వచ్చాయి. ‘జ్ఞా’ అన్న అక్షరమే అది. మామూలుగా రాస్తే ఏ గొడవా లేదు. జ, పొల్లు, ఞ, ఆపైన అక్షరాలు కలవకుండా ఆపే కనిపించని గుర్తు, తరవాత దీర్ఘం, ఈ వరసలో వస్తేనే ఐఓఎస్ 11 తడబడి, ఆ సందేశం వచ్చిన యాప్ మూతపడేది. ఆండ్రాయిడ్ ఫోన్లకు ఏమీ కాలేదు. ఫిబ్రవరి 19న యాపిల్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది.

ఎందుకిలా? ఏ అక్షరం ఏ సంఖ్యో యూనికోడ్ చెబుతుంది. దాన్ని తెర మీద గీసే పని ఒక్కో సిస్టమ్‌లో ఒక్కో ప్రోగ్రాముది. ఆండ్రాయిడ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ వాడేది హార్ఫ్‌బజ్, అది ఉచితం, బహిరంగం. విండోస్‌ది వేరు, యాపిల్‌ది వేరు. ఇంగ్లిషులో అక్షరాలు వరసగా పేరిస్తే చాలు. తెలుగులో ఒత్తు కిందికి పోవాలి, గుడి తలకట్టును మింగాలి, దీర్ఘం అంటుకోవాలి. ఆ లెక్కలో ఎక్కడో ఒక సందు పూడ్చకపోతే ఇలాంటి ప్రమాదం వస్తుంది.

అక్షరం సరే, అర్థం?

బైట్లు చేరాయి, అక్షరాలు కనిపించాయి. ఇంకో మెట్టు మిగిలింది. గ్రామ సచివాలయాలు మొదలైన రోజు 2-10-2019. మనకది గాంధీ జయంతి. అమెరికా పద్ధతిలో ఉన్న కంప్యూటరు దాన్ని ఫిబ్రవరి 10గా చదువుతుంది, ఎక్కడా తప్పు చూపదు. రావికమతం మండలం విశాఖపట్నం నుంచి కొత్త అనకాపల్లి జిల్లాలోకి మారిన తేదీ 4-4-2022. ఇది ఎటు చదివినా ఒకటే, కాని అన్ని తేదీలకూ ఆ అదృష్టం ఉండదు. అందుకే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8601 ఏడాదిని ముందు రాయమంటుంది: 2019-10-02.

పేర్లదీ అంతే. 2022కు ముందు రాసిన రికార్డులో జిల్లా విశాఖపట్నం, తరవాతి దాంట్లో అనకాపల్లి. ఇంగ్లిషులో ఊరిపేరులోని ‘త’కు ఒకరు హెచ్ పెడతారు, ఒకరు పెట్టరు. రెండు జాబితాలు కలపమంటే కంప్యూటరు వాటిని రెండు ఊళ్ళుగా లెక్కగడుతుంది. దీనికి మందు పేర్లు కాదు, సంఖ్యలు. కేంద్ర ప్రభుత్వపు లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ ప్రతి గ్రామానికీ మండలానికీ ఒక కోడ్ ఇస్తుంది. స్పెల్లింగు ఎలా ఉన్నా కోడ్ ఒకటే.

ఒప్పందం బహిరంగంగా ఉండాలి

ఎక్స్‌ఫ్యాట్, సాంబా, అను ఫాంట్లు, మూడింటి పాఠం ఒకటే. ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఎప్పటికీ ఒకటి కావు, కానక్కర్లేదు. వాటి మధ్య ఒప్పందం రాతలో ఉండాలి, ఎవరైనా చదవగలగాలి, ఎవరి అనుమతీ లేకుండా అమలు చెయ్యగలగాలి. ఆ ఒప్పందం ఒక కంపెనీ సొంతమైనప్పుడు ఫైలు మనదే అయినా తాళం వాళ్ళ దగ్గర ఉన్నట్టే. భారత ప్రభుత్వం 2010 నవంబరులో ప్రకటించిన ఓపెన్ స్టాండర్డ్స్ విధానం చెప్పిందీ ఇదే. డాక్యుమెంట్లకు 2006లో ఐఎస్ఓ ప్రమాణమైన ఓడీఎఫ్, 2008లో ప్రమాణమైన పీడీఎఫ్ ఈ కోవలోవే.

కాబట్టి పాఠకులు చెయ్యవలసింది పెద్ద పనేమీ కాదు. పెన్‌డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసుకోండి, టీవీ కోసమైతే ఫ్యాట్32 ఉంచండి. మార్చకూడని కాయితాలు పీడీఎఫ్‌లో, మార్చాల్సినవి ఓడీఎఫ్‌లో దాచండి. ఫొటో అసలు నాణ్యత కావాలంటే వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపండి. అన్నిటికన్నా ముందు, ఇంట్లోనో ప్రెస్సులోనో పాత అను ఫాంట్లలో ఉన్న కథలు, వంశవృక్షాలు, ఊరి చరిత్రలు ఉంటే ఇప్పుడే యూనికోడ్‌లోకి మార్చించండి. అందుకు పనికొచ్చే కన్వర్టర్లు ఉన్నాయి. ఒత్తులు తారుమారవుతాయి కాబట్టి మార్చాక ఒకసారి చదివి సరిచూసుకోండి. పేజ్‌మేకరు చివరి పెద్ద కూర్పు వచ్చింది 2001లో. దాన్ని తెరవగల కంప్యూటర్లు ఏటేటా తగ్గిపోతున్నాయి.